‘ఎలుకల్లో నయమైంది’ అన్న వార్తను ఎలా చదవాలి: ఈబీ పిల్లల తల్లిదండ్రుల కోసం

రాత్రి పదకొండు దాటింది. మా చిన్నోడికి కట్లు మార్చడం పూర్తి చేసి చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. నల్గొండ నుంచి ఒక నాన్న. వాళ్ల పాపకు నాలుగేళ్లు, మా వాడికున్న జబ్బే. "అక్కా, ఎలుకలకి పూర్తిగా తగ్గిందంట కదా! మన పిల్లలకి ఎప్పుడొస్తది?" వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు చదివి భార్యను కూడా నిద్ర లేపాడట. ఇద్దరూ నా జవాబు కోసం స్పీకర్ పెట్టుకుని కూర్చున్నారు.

ఆ రాత్రి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, బీకాం చదివాను. హబ్సిగూడలో ఉంటాం. మా వాడికి తొమ్మిదేళ్లు, పుట్టిన రోజు నుంచే ఎపిడెర్మోలైసిస్ బులోసా, అంటే ఈబీ. కాస్త రాపిడి తగిలితే చాలు, చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే జన్యు జబ్బు. అంటుకునేది కాదు. ఈ తొమ్మిదేళ్లలో ఇలాంటి వార్తలు ఎన్ని చదివానో లెక్కలేదు. కొన్ని చూసి ఊరికే సంబరపడ్డాను, కొన్నింటిని పట్టించుకోకుండా వదిలేసి తర్వాత బాధపడ్డాను. ఇప్పుడు ఏ వార్త వచ్చినా ఒకే వరుసలో చదువుతాను. మీరూ అలాగే చదవండి.

లింకు తెరిచే ముందు మీ పిల్లల రిపోర్టు తీయండి

ఈబీ అనేది ఒక్క జబ్బు కాదు, ఒకే పేరు కింద ఉన్న నాలుగు కుటుంబాలు. మీ పిల్లలది ఏ కుటుంబమో తెలియకుండా చదివితే ఎవరి మందో చూసి మనదే అనుకుంటాం.

మా అమ్మమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. చర్మాన్ని ఆ బొంతలా ఊహించుకోండి. పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ, రెంటినీ పట్టి ఉంచే కుట్లు. పై గుడ్డలో అడుగు వరస కణాల లోపల కెరాటిన్ 5, కెరాటిన్ 14 అనే దారాలుంటాయి. అవి బలహీనమైతే గుడ్డే చినుగుతుంది. అది సింప్లెక్స్ రకం. రెండు గుడ్డల మధ్య అతుకులో లామినిన్ 332, కొల్లాజెన్ 17 లాంటివి ఉంటాయి. అవి లోపిస్తే వచ్చేది జంక్షనల్. అతుకును కింది గుడ్డకు బిగించే కుట్లు కొల్లాజెన్ 7తో తయారవుతాయి. ఆ కుట్లు లేకపోతే, ఉన్నా వదులుగా ఉంటే, డిస్ట్రోఫిక్. నాలుగోది కిండ్లర్, చాలా అరుదు, అందులో చర్మం ఒక్కచోటే కాకుండా వేర్వేరు లోతుల్లో విడిపోతుంది.

రిపోర్టులో మూడు విషయాలు వెతకండి: జన్యువు పేరు, అందులో దొరికిన మార్పులు, అవి ఎవరి వైపు నుంచి వచ్చాయన్నది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే అది రిసెసివ్. మన ఇళ్లలో మేనరికాలు ఎక్కువ కాబట్టి రెండు వైపుల నుంచీ అదే మార్పు రావడం కూడా జరుగుతుంది. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. ఈ మాట మా ఇంట్లో నేను చాలాసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

మీ దగ్గర బయాప్సీ కాగితమో, ‘ఈబీ’ అని రాసిన డిశ్చార్జి షీటో మాత్రమే ఉంటే ముందు జన్యు పరీక్ష సంగతి చూడండి. హైదరాబాద్‌లో ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షలు చేసే ప్రభుత్వ సంస్థ), పంజాగుట్టలోని నిమ్స్ కలిసి అరుదైన జబ్బులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రంగా పనిచేస్తున్నాయి. దారి తెలియకపోతే నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఎక్కడుందో అడగండి.

ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, 2017 నవంబర్లో ఒక పెద్ద వార్త వచ్చింది. జర్మనీలో ఏడేళ్ల సిరియా బాబుకు ఒంటి మీద 80 శాతం పై చర్మాన్ని, జన్యువు సరిచేసి ల్యాబ్‌లో పెంచిన చర్మంతో మార్చారు. నిజమైన వార్త, గొప్ప వార్త. అప్పటికి మా వాడికి ఏడాది. మావారూ నేనూ ఆరు నెలలు ఆ ఆశ మీదే బతికాం. జర్మనీ వీసాకు ఎంతవుతుందో కూడా కనుక్కున్నాం. ఆ బాబుది లామినిన్ జన్యువులో లోపం, జంక్షనల్ రకం. మా వాడిది కొల్లాజెన్ 7. రిపోర్టు బీరువాలోనే ఉంది. తీసి పోల్చుకోవాలని మాకు తట్టలేదు, తట్టేలా ఎవరూ చెప్పలేదు.

చేసింది ఎవరి మీదో చూడండి

వార్తకు శీర్షిక పెట్టేవాళ్లు ‘ఎలుక’ అన్న మాటను నాలుగో పేరాలో దాచేస్తారు. అసలు పరిశోధన పత్రం తెరిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పత్రం మొత్తం డబ్బు కట్టి చదవక్కర్లేదు. వైద్య పరిశోధన పత్రాలను వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో సారాంశం ఉచితం.

ఒక చిన్న కిటుకు చెబుతాను. జన్యువు పేరు ఇంగ్లిష్‌లో మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటే అది మనిషి జన్యువు. మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగా, మిగతావి చిన్నవిగా ఉంటే అది ఎలుక జన్యువు. శాస్త్రవేత్తలు పాటించే పద్ధతి ఇది. ఇంత చిన్న సంగతి తెలిశాక నా చదువు సగం తేలికైంది.

ఇంకో మూడు మాటలు తెలిసి ఉంటే చాలు. ‘మ్యూరిన్’ అంటే ఎలుకకు సంబంధించినది. ‘ఇన్ విట్రో’ అంటే గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద చేసింది, ఎలుక దాకా కూడా రాలేదన్నమాట. ‘జెనోగ్రాఫ్ట్’ అంటే మనిషి చర్మాన్ని ఎలుక వీపు మీద అతికించి చూసింది.

అది ఎలాంటి ఎలుక?

ఇక్కడ కాస్త ఆగండి. నేను ఎక్కువ సమయం పెట్టేది ఈ మెట్టు మీదే. బొబ్బల జబ్బున్న ఎలుకల్లో చాలా రకాలున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకే జవాబు చెప్పగలదు.

మొదటి కథ 1991 నాటిది. అమెరికాలోని షికాగోలో ఇలెయిన్ ఫుక్స్ అనే శాస్త్రవేత్త కెరాటిన్ మీద పనిచేసేవారు. కెరాటిన్ 14ను కావాలనే లోపంతో తయారుచేసి ఎలుకల్లో పెట్టారు. ఆ ఎలుక పిల్లలకు ఒళ్లంతా బొబ్బలొచ్చాయి. ఇది మనుషుల్లో ఏ జబ్బును పోలి ఉందని వెతికితే ఈబీ సింప్లెక్స్ దగ్గర సరిపోయింది. అప్పుడు రోగుల జన్యువులు చూశారు. అదే కెరాటిన్‌లో లోపం కనిపించింది. అంటే ఈ జబ్బు మూలం ఎక్కడుందో ముందు చూపించింది ఎలుక. మన పిల్లల రిపోర్టుల్లో ఈరోజు జన్యువు పేరు రాసి ఉందంటే వెనక ఇలాంటి పని ఉంది. అందుకే ‘ఉత్త ఎలుకల వార్తే కదా’ అని ఎవరైనా తీసిపారేస్తే నాకు బాధేస్తుంది.

రెండో రకం నాకౌట్ ఎలుక, అంటే జన్యువును పూర్తిగా తీసేసింది. 1999లో శాస్త్రవేత్త జౌని ఉయిట్టో బృందం కొల్లాజెన్ 7 అసలే లేని ఎలుకలను తయారుచేసింది. అవి ఒంటినిండా బొబ్బలతో పుట్టి రెండు వారాల్లోపే చనిపోయాయి. లామినిన్ 332లో ముఖ్యమైన భాగం లేని ఎలుకలు కూడా పుట్టిన కొద్ది రోజులకే పోతాయి. ఇలాంటి ఎలుక మీద మందు పరీక్షిస్తే తెలిసేది ప్రధానంగా ఒకటే: అది మరికొన్ని రోజులు బతికిందా, లేదా? ఈ జబ్బుతో పదేళ్ల పిల్లాడి చేతి వేళ్లు ఎలా అతుక్కుపోతాయో ఆ ఎలుక ఏమీ చెప్పలేదు, అంతకాలం అది ఉండదు కాబట్టి.

మూడో రకం హైపోమార్ఫ్. జన్యువు ఉంటుంది కానీ ప్రోటీన్ కొద్దిగానే తయారవుతుంది. 2008లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో లీనా బ్రుక్నర్ టూడర్‌మన్ బృందం కొల్లాజెన్ 7 మామూలులో పది శాతమే ఉండే ఎలుకలను తయారుచేసింది. ఇవి పెరిగి పెద్దవవుతాయి. పెరిగేకొద్దీ వాటి పాదాల వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని ముడుచుకుపోతాయి.

ఆ పత్రంలోని ఫోటో మొదటిసారి చూసిన రోజు నాకింకా గుర్తుంది. ఎలుక ముందు పాదం పెద్దది చేసి చూపించారు. వేళ్ల మధ్య సందులు పూడిపోయి, గోళ్లు పోయి, చివరికి ఒక చిన్న ముద్దలా మారింది. పక్కనే మా వాడు నిద్రపోతున్నాడు. కుడి చేయి దుప్పటి మీద ఉంది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ అప్పటికే సగం దాకా అతుక్కుని ఉన్నాయి. ఫోటో వైపు, చేయి వైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. డిస్ట్రోఫిక్ గురించిన వార్తలో ఎలుక రకం చూసేటప్పుడు నేను ముందు వెతికేది ఈ హైపోమార్ఫ్ పేరే. మన పిల్లల జబ్బు నడిచే తీరుకు ఇంత దగ్గరగా ఉన్న ఎలుక కాబట్టి.

నాలుగోది ఎవరూ తయారుచేయకుండా దానంతట అదే పుట్టింది. అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో పెంచే ఎలుకల్లో లామినిన్ గామా 2 జన్యువులో సహజంగా వచ్చిన మార్పుతో జంక్షనల్ ఈబీ ఉన్న ఎలుక దొరికింది. తోక మీద, చెవుల మీద బొబ్బలొస్తాయి. దీన్ని వేరే వంశాల ఎలుకలతో కలిపినప్పుడు, అదే లోపం ఉన్నా కొన్నింటికి జబ్బు తీవ్రంగా, కొన్నింటికి తేలిగ్గా వచ్చింది. తేడాకు ముఖ్య కారణం కొల్లాజెన్ 17 జన్యువులో ఉందని 2014లో తేల్చారు. ఒకే ఇంట్లో అన్నకు ఎక్కువగా, చెల్లికి తక్కువగా ఎందుకుందని అడిగే తల్లిదండ్రులకు నేను ఈ ఎలుకల సంగతి చెబుతాను. ఒక జన్యువు పని మీద మిగతా జన్యువుల చేయి కూడా ఉంటుంది.

ఐదోది ఇందాక చెప్పిన జెనోగ్రాఫ్ట్. అతికించింది మనిషి చర్మమే కాబట్టి మనకు దగ్గర అనిపిస్తుంది. నిజమే, కానీ పరాయి చర్మాన్ని తోసేయకుండా ఉండాలంటే రోగనిరోధక శక్తి లేని ఎలుకలనే వాడాలి. కొల్లాజెన్ 7 పుట్టినప్పటి నుంచీ అసలు లేని పిల్లల ఒంట్లోకి దాన్ని కొత్తగా తెస్తే, ఒళ్లు దాన్ని శత్రువనుకుంటుందా? ఈ ప్రశ్నకు ఆ ఎలుక దగ్గర జవాబు లేదు.

ఎలుక చర్మానికీ మన చర్మానికీ ఎంత తేడా ఉందో గుర్తుపెట్టుకోండి

ఈగ వాలినప్పుడు ఆవు ఒళ్లు కదపకుండా చర్మాన్ని మాత్రం జలదరించడం చూసే ఉంటారు. చర్మం కింద పల్చని కండర పొర ఉండబట్టి అలా చేయగలుగుతుంది. ఎలుకకూ ఆ పొర ఉంది. మన ఒంట్లో అది దాదాపు లేదు. ఎలుక వీపు మీద గాయం చేస్తే, ఆ పొర వల్ల అంచులు బొందు లాగిన సంచి మూతిలా దగ్గరకొచ్చేస్తాయి. మన పుండు అలా మూసుకోదు. అంచుల నుంచి కొత్త చర్మం పాకుతూ రావాలి. మా వాడి వీపు మీద అరచేయంత పుండు ఏడాదిన్నరగా ఉంది. ఒక మూల మానుతుంటే ఇంకో మూల తెరుచుకుంటుంది. కాబట్టి ‘పది రోజుల్లో గాయం మూసుకుంది’ అని చదివితే, అది కొత్త చర్మం వచ్చి మూసుకుందా, అంచులు దగ్గరకు లాగి మూసుకుందా అని చూడండి. జాగ్రత్తగా చేసేవాళ్లు గాయం చుట్టూ చిన్న రింగు కుట్టి, అంచులు లాక్కోకుండా ఆపి చూస్తారు. ఆ రింగు మాట కనిపిస్తే నాకు ఆ పత్రం మీద నమ్మకం పెరుగుతుంది.

ఇంకా ఉన్నాయి. ఎలుక పై చర్మం మన చర్మం కంటే చాలా పల్చన. ఒళ్లంతా వెంట్రుకలు, వాటి మొదళ్లలోని కణాలు గాయం మానడానికి సాయపడతాయి. బరువు పాతిక గ్రాములు. మా వాడు ఇరవై కిలోలు, అంటే ఎనిమిది వందల ఎలుకలంత. సూదితో ఎలుక పాదంలోకి ఎక్కించిన మందు మన పిల్లల ఒళ్లంతా చేరాలంటే ఎంత కావాలో, అంత తట్టుకోగలరో లేదో, అది వేరే పరిశోధన. ల్యాబ్ ఎలుక శుభ్రమైన పెట్టెలో, చల్లని గదిలో ఉంటుంది. మన పిల్లలు ఏప్రిల్ ఎండలో చెమటతో స్కూల్ నుంచి ఆటోలో వస్తారు.

ఎలుక ఆయుష్షు రెండేళ్లు. డిస్ట్రోఫిక్ ఈబీ తీవ్రంగా ఉన్నవాళ్లకు యవ్వనంలో వచ్చే పెద్ద ముప్పు చర్మ క్యాన్సర్. ఏళ్ల తరబడి మానని పుండ్లలోంచి అది పుడుతుంది. మూడు నెలలు ఎలుకను చూసి ఆ ముప్పు తగ్గిందో పెరిగిందో ఎవరూ చెప్పలేరు. అన్నవాహిక సన్నబడటం గురించి కూడా అంతే. పాదానికి రాసిన మందు బాగా పనిచేసిందని గొంతులో ముద్ద దిగుతుందని అనుకోకండి.

ఏం కొలిచారు, ఎప్పుడు మొదలుపెట్టారు

ఈ మెట్టు త్వరగా అయిపోతుంది. పత్రంలో ‘మెరుగైంది’ అంటే ఏం మెరుగైంది? చర్మం ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితే కొల్లాజెన్ 7 మెరుస్తూ కనిపించిందా? ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో నిజమైన కుట్లు ఏర్పడినట్టు చూపించారా? చర్మాన్ని రుద్దితే బొబ్బ రావడం తగ్గిందా? ప్రోటీన్ కనిపించినంత మాత్రాన కుట్టు బిగిసినట్టు కాదు. మూడూ చూపిస్తే గట్టి పని.

తర్వాత, మందు ఎప్పుడు మొదలుపెట్టారు? పుట్టిన రోజే మొదలుపెట్టి వేళ్లు అతుక్కోకుండా ఆపారా, లేక అతుక్కున్న తర్వాత మొదలుపెట్టారా? మన పిల్లల్లో చాలామంది ఇప్పటికే రెండో దశలో ఉన్నారు. ఎన్ని ఎలుకలు? ఐదారే అయితే ఇంకొకరు చేసి చూపించేదాకా ఆగాలి. ఏ ఎలుకకు మందిచ్చారో కొలిచేవాళ్లకు తెలియకుండా కొలిచారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు పత్రంలో ‘పద్ధతులు’ అన్న భాగంలో ఉంటుంది.

ఎలుక నుంచి మనిషి దాకా దారి ఎంత పొడవో తెలుసుకోండి

నాలుగు ఉదాహరణలు చెబుతాను. మీ టెన్షన్ తగ్గడానికీ, ఆశ సరైన చోట పెట్టుకోవడానికీ ఇవి చాలు.

ఎముక మజ్జ మార్పిడి. కొల్లాజెన్ 7 లేని ఎలుకలకు ఇస్తే కొన్ని ఎక్కువ కాలం బతికాయని 2009లో అమెరికాలోని మిన్నెసోటా బృందం రాసింది. మరుసటి ఏడాదే, 2010లో, పిల్లల్లో ఫలితాలు వచ్చాయి. ఏడుగురు పిల్లలు చేరారు. ఒకరు మార్పిడికి ముందే గుండె జబ్బుతో చనిపోయారు. ఆరుగురికి మార్పిడి జరిగితే, వారిలో మరొకరు ఇన్ఫెక్షన్‌తో, ఎక్కించిన మజ్జ నిలవక చనిపోయారు. మిగతావాళ్లకు పుండ్లు మానడం మెరుగైంది, వేర్వేరు స్థాయిల్లో. వార్తల్లో ‘ఎముక మజ్జతో ఈబీ నయం’ అని వచ్చింది. ఆ ఇద్దరు పిల్లల సంగతి శీర్షికలో లేదు.

లోసార్టాన్. ఇది బీపీ మాత్ర, మన వీధి చివర మెడికల్ షాపులో దొరుకుతుంది. ఫ్రైబుర్గ్ బృందం 2015లో హైపోమార్ఫ్ ఎలుకలకు ఇచ్చి, వేళ్లు అతుక్కుపోవడం నెమ్మదించిందని చూపించింది. ఇది కొత్త కుట్లు వేయదు. మచ్చ గట్టిపడటాన్ని తగ్గిస్తుంది, అంతే. తర్వాత జర్మనీలో కొద్దిమంది పిల్లల మీద డాక్టర్ల కనుసన్నల్లో పరీక్షించారు. చేతులు జోడించి అడుగుతున్నాను, ఈ మాత్రను మీ అంతట మీరు కొని పిల్లలకు వేయకండి. రక్తపోటు పడిపోవచ్చు, మూత్రపిండాల మీద, రక్తంలో పొటాషియం మీద ప్రభావం ఉంటుంది. ఒక తల్లి నాకు ఫోన్ చేసి ‘సగం మాత్ర వేయనా’ అని అడిగినప్పుడు నా గుండె ఆగినంత పనైంది.

మూడోది మనసుకు బలమిచ్చేది. డిస్ట్రోఫిక్ ఈబీకి పుండు మీద వేసే జన్యు చికిత్స జెల్ ఒకటి, వైజువెక్ పేరుతో, 2023 మేలో అమెరికాలో అనుమతి పొందింది. పెదాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను పెరగలేకుండా చేసి, దాంతో కొల్లాజెన్ 7 జన్యువును పుండులోకి పంపిస్తారు. ఇది కూడా ముందు ల్యాబ్ కణాలు, తర్వాత ఎలుకలు, ఆ తర్వాతే మనుషుల దాకా వచ్చింది. చివరి పరీక్షలో 31 మంది ఉన్నారు. ఒకే మనిషి మీద ఒకేలాంటి రెండు పుండ్లను తీసుకుని, ఒకదానికి మందున్న జెల్, రెండోదానికి ఉత్త జెల్ వేశారు. ఆరు నెలలకు మందు వేసిన పుండ్లలో 67 శాతం, ఉత్త జెల్ వేసినవాటిలో 22 శాతం పూర్తిగా మూసుకున్నాయి. ఉత్త జెల్‌తోనూ 22 శాతం మానాయన్న సంగతి గమనించండి. పోల్చడానికి రెండో పుండు లేకుండా ‘మానింది’ అని ఎవరు చెప్పినా ఎందుకు నమ్మకూడదో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇది ఒకసారి వేసి వదిలేసేది కాదు, వారం వారం వేయాలి.

రోగి సొంత కణాల్లో జన్యువు సరిచేసి చర్మం షీట్లుగా పెంచి అతికించే పద్ధతీ అంతే. ఎలుకల మీద అతికించి చూడటం 2000ల మొదట్లోనే జరిగింది. 2016లో నలుగురు పెద్దవాళ్ల మీద ఫలితాలు వచ్చాయి. అమెరికా అనుమతి వచ్చింది 2025 ఏప్రిల్‌లో. నల్గొండ నాన్నకు నేను ఈ లెక్కే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "అంటే పాపకు ఇరవై నాలుగు వచ్చేసరికి" అన్నాడు. "అంతకాలం పట్టకపోవచ్చు అన్నా, కానీ వచ్చే ఏడాది మాత్రం కాదు" అన్నాను.

డబ్బు అడిగారా? అక్కడే ఆగిపోండి

వార్త వచ్చిన వారంలో ‘ఆ చికిత్స మా దగ్గరే ఉంది’ అనేవాళ్లు బయల్దేరుతారు. మా వాడికి మూడేళ్లప్పుడు నగరంలోనే ఒక క్లినిక్‌కు వెళ్లాం. స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు, మూడు విడతలు, లక్షల్లో ఖర్చు. గోడ మీద ఎలుక బొమ్మలతో పోస్టర్, ముందు ఫోటో, తర్వాత ఫోటో. మావారు బంగారం తాకట్టు పెట్టడానికి సిద్ధమయ్యారు. అడ్వాన్సు కట్టేశాం కూడా. మా వాడిని చూసే చర్మం డాక్టరమ్మ ఒక్కటే అడిగారు: "దీనికి సీటీఆర్ఐ నంబరు ఉందా?" లేదు. అడ్వాన్సు తిరిగి రాలేదు.

సీటీఆర్ఐ అంటే మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్, అంటే మనుషుల మీద చేసే చికిత్సల పరీక్షలు, అన్నీ నమోదయ్యే ప్రభుత్వ రిజిస్ట్రీ. 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి. వెబ్‌సైట్‌లో జబ్బు పేరు కొట్టి ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. విదేశాల్లోవి అమెరికా ప్రభుత్వ ట్రయల్స్ రిజిస్ట్రీలో దొరుకుతాయి. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ ఆమోదం ఉన్న ట్రయల్‌లోనే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ప్రయోగం అంటూనే మీ దగ్గర డబ్బు తీసుకుంటే అది ట్రయల్ కాదు. ఇంకేమీ అడగకుండా లేచి వచ్చేయండి.

నమోదైన ట్రయల్ దొరికితే ‘ఎవరిని చేర్చుకుంటారు’ అన్న భాగం చదవండి. వయసు, ఈబీ రకం, ఏ జన్యువు, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చిందా లేదా, అన్నీ అక్కడ ఉంటాయి. మొదట్లో మీరు తీసి పెట్టుకున్న రిపోర్టు పని ఇక్కడ పడుతుంది.

కొందరు నన్ను అడుగుతారు, ‘మన పిల్లల కోసం ఆ మూగజీవాలను అలా చేయడం పాపం కాదా’ అని. తార్నాకలో, జంతువుల మీద కూడా పరిశోధనలు చేసే జాతీయ పోషకాహార సంస్థ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకూ ఆ ఆలోచన వస్తుంది. బొబ్బల నొప్పి ఎలా ఉంటుందో రోజూ ఇంట్లో చూసేదాన్ని కదా. మన దేశంలో ఇలాంటి ప్రయోగాలకు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఉన్న కమిటీ అనుమతులు, తనిఖీలు ఉన్నాయి. నొప్పి తగ్గించే ఏర్పాట్లు, తక్కువ ఎలుకలతో పని ముగించడం అందులో భాగం. ఆ ఎలుకల నొప్పికి మనం ఇవ్వగలిగిన మర్యాద ఒకటుంది. వాటి మీద తేలినదాన్ని ఉన్నది ఉన్నట్టుగా చదవడం, పెంచి చెప్పకపోవడం.

డాక్టర్ దగ్గరకు ఒక్క కాగితం తీసుకెళ్లండి

లింకు ఫార్వర్డ్ చేస్తే డాక్టర్లకు చూసే తీరిక ఉండదు. నేను చేసేదేమిటంటే, నోట్‌బుక్‌లో ఒక పేజీ మీద ఐదు లైన్లు రాస్తాను. మా వాడి రకం, జన్యువు, రెండు మార్పులు. పత్రం శీర్షిక, ఏడాది. ఏ ఎలుక. ఏం కొలిచారు. ట్రయల్ నంబరు ఉంటే అది, లేకపోతే ‘లేదు’ అని. ఆ కాగితంతో ఐదు నిమిషాల్లో మాట్లాడే పని అయిపోతుంది. డాక్టర్‌ను అడగాల్సినవి: ఇది మా బిడ్డ రకానికి వర్తిస్తుందా, వర్తిస్తే ఇప్పుడు మేం చేసి పెట్టుకోవాల్సింది ఏమైనా ఉందా, చేయకూడనిది ఏమైనా ఉందా?

రెండో ప్రశ్నకు మాకు వచ్చిన జవాబు వల్ల ఇంట్లో పద్ధతి మారింది. కొత్త చికిత్స ఎప్పుడొచ్చినా అప్పటికి చేయి తెరుచుకుని ఉండాలి, ఒంట్లో రక్తం, బరువు ఉండాలి, పుండ్లలో ఇన్ఫెక్షన్ ఉండకూడదు. కాబట్టి వేళ్ల మధ్య విడివిడిగా వాజలిన్ పూసిన పల్చని కట్టు గుడ్డ చుట్టడం రోజూ తప్పదు. బొబ్బ పెరగకముందే స్టెరైల్ సూదితో కింది అంచున గుచ్చి నీరు తీసేస్తాం, పైపొరను మాత్రం చింపం, అదే దానికి కట్టు. అతుక్కునే ప్లాస్టర్ ఇంట్లో ఉంచనే ఉంచం. నెలకోసారి ప్రతి పుండునూ పక్కన స్కేలు పెట్టి, ఒకే వెలుతురులో, తేదీ కనిపించేలా ఫోటో తీస్తాం. ఒక పుండు మిగతావాటిలా కాకుండా గట్టిపడినా, అంచులు లేచినా, నెలల తరబడి మానకపోయినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చూపిస్తాం.

నల్గొండ నాన్న మరుసటి ఆదివారం పాపను తీసుకుని మా ఇంటికి వచ్చాడు. సంచిలో రిపోర్టు ఉంది, జన్యువు పేరు కింద పెన్నుతో గీత గీసి ఉంది. ఆయన చూసిన వార్త సింప్లెక్స్ ఎలుకది, పాపది డిస్ట్రోఫిక్. మా వాడు తన కట్టు గుడ్డల డబ్బా తెచ్చి, చిటికెన వేలి నుంచి ఎలా మొదలుపెట్టాలో పాప వాళ్లమ్మకు తన చేతి మీదే చూపించాడు.